గాజులో తోడుకున్న ఆశ్చర్యం

మొదలుపెట్టిన నాటికి తటవర్తి కనకలింగం చేతిలో ఉన్నవి ఇవీ. కాకినాడ మెయిన్ రోడ్డు నుంచి సముద్రం వైపు చీలే సందులో తండ్రి వదిలి వెళ్లిన లేబొరేటరీ సామాన్ల కొట్టు. అటక నిండా ఎండుగడ్డిలో చుట్టిన పరీక్షనాళికలు, బ్యూరెట్లు, కొనే నాథుడు లేక పడుకున్నవి. ఏ హెడ్మాస్టరు ముందు నవ్వాలో, ఎవరి ముందు నవ్వితే పని చెడుతుందో తెలిసిన నోరు. భార్య మాణిక్యాంబ ఓపిక, అదీ అడుగంటుతున్నది. పదేళ్ల కూతురు సువర్చల, దేన్ని చూసినా ఛాతీ మీద చెయ్యి వేసుకుని "హమ్మో! హమ్మో!" అని ఆశ్చర్యపోయే పిల్ల. ఈ వరసలో కూతుర్ని కలపవచ్చునా అన్న అనుమానం అతనికి అప్పుడు రాలేదు.

ఆ రోజుల్లో బళ్లలో రసాయన ప్రయోగాలు కాగితం మీదకి చేరిపోయాయి. పిల్లలు రికార్డు పుస్తకంలో పరీక్షనాళిక బొమ్మ గీసి, లోపల గులాబీ పెన్సిలుతో రుద్ది, 'ద్రావణము గులాబీ రంగుకు మారినది' అని రాసేవారు. లేబొరేటరీ గదుల్లో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు చేరాయి.

"ఆసిడ్ ఒలికి ఎవరి కన్నైనా పోతే ఆ పిల్ల తల్లికి మీరు జవాబు చెబుతారా కనకలింగంగారూ?" అని గర్ల్స్ హైస్కూలు హెడ్మిస్ట్రెస్ వరాహలమ్మగారు అడిగితే, నోరున్న కనకలింగం కూడా సంచీ సర్దుకుని లేచి వచ్చేశాడు.

కొట్టు వెనక రేకుల షెడ్డులో ఎస్తేరు రాణిగారు అద్దెకుండేవారు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. ఉప్పాడ ఒడ్డున దొరికే నల్ల ఇసక తెచ్చి, చిన్న కొలిమిలో కరిగించి, గాజు గొట్టాలు లాగుతూ ఉండేవారు. ఆ గాజులో ఏదో ఉందనీ, లోపల జరిగినదాన్ని అది కొంచెం గుర్తుపెట్టుకుంటోందనీ ఆవిడ అప్పుడప్పుడూ చెబితే, కనకలింగం సరుకు కట్టుకుంటూ "అలాగా అండీ" అనేవాడు.

ఒకనాటి ఉదయం ఆవిడ కొట్లోకి వచ్చారు. చేతికి పొడవాటి గ్లవ్స్, నుదుట చెమట.

"మీ అమ్మాయిని ఒక్క పూట ఇస్తారా? ఈ గాజు నా చేతికి పలకడం లేదు. నాకు అన్నీ తెలిసిపోయాయి కదా. తెలియని చెయ్యి కావాలి."

షెడ్డులో సువర్చలకి పెద్ద కళ్లద్దాలు పెట్టారు. నాళికలో మైలుతుత్తం కలిపిన నీళ్లు, లేత ఆకాశం రంగులో. దాంట్లో అమ్మోనియా చుక్కచుక్కగా వెయ్యమన్నారు. మొదట నీళ్లు మజ్జిగలా మబ్బేశాయి. ఇంకో నాలుగు చుక్కలు పడేసరికి ఆ మబ్బంతా విడిపోయి, చిక్కటి నీలం, సిరా కన్నా నీలం, కింద నుంచి పైకి వచ్చింది.

"హమ్మో! హమ్మో!" అంది పిల్ల.

ఎస్తేరు రాణిగారు నాళిక శుభ్రంగా కడిగారు. కుళాయి నీళ్లు పట్టి కనకలింగం చేతికిచ్చి, "పిడికిలి బిగించండి" అన్నారు.

అతను బిగించాడు. ఉత్త నీళ్లలో నీలం పైకి లేచింది. అరచేతికి పసిపిల్ల చెయ్యి తగిలినంత వెచ్చదనం. ఆ వెంటనే అతని ఛాతీలో, అతనిది కాని ఊపిరి ఒకటి ఎగిరింది. నలభై దాటిన మనిషికి పదేళ్ల పిల్ల ఆశ్చర్యం ఒంట్లోకి దిగింది. రెండో చెయ్యి ఛాతీ మీద వేసుకున్నాడు. నీలం మెల్లగా తగ్గి నీళ్లు నీళ్లయ్యాయి. మళ్లీ బిగిస్తే మళ్లీ లేచింది.

"ఎన్నిసార్లు వస్తుందండీ?" అని అడిగాడు కనకలింగం. అతని నోట వచ్చిన మొదటి మాట అది.

"ఎన్నిసార్లయినా. ఈ నాళిక ముక్క ఒకటి కొత్త గాజులో వేసి కరిగిస్తే, ఆ గాజంతా ఇలాగే అవుతుంది. పాలల్లో తోడు వేసినట్టు. కాకపోతే పట్టేది మొదటిసారినే. పిల్ల రెండోసారి చేసింది ఇది పట్టదు."

"అంటే బోణీ అన్నమాట."

"ఏమో, మీ భాషలో అంతేనేమో" అని నవ్వారావిడ. "ఇది రుచి చూపించడానికండీ. ఇది పట్టుకున్న పిల్ల ఊరుకోదు, నేనూ నా చేత్తో చేస్తానంటుంది. అప్పుడు బళ్లలో లేబొరేటరీ తాళాలు వాటంతటవే ఊడతాయి."

రుచికని బెల్లం ముక్క పెడితే కొందరు కొంటారు, ఎక్కువమంది ఆ ముక్కతోనే సరిపెట్టుకుని పోతారు. ఇది కనకలింగానికి కొట్లో పుట్టి పెరిగిన తెలివి. ఆ తెలివి ఆవిడకు చెప్పలేదు.

కూతురి చెయ్యి బోణీకి మంచిదని ఆ ఇంట్లో పేరు. రోజూ బడికి పోయే ముందు మొదటి బేరం ఆ పిల్ల చేతి మీదుగా జరగాల్సిందే. ఆ చేత్తో అన్ని ప్రయోగాలకూ బోణీ చేయించాలని కనకలింగానికి తోచడంలో వింతేముంది? రెండేళ్లపాటు సెలవు రోజుల్లో సువర్చల షెడ్డులో కూర్చుంది. మెగ్నీషియం తీగ తెల్లటి మెరుపై కాలడం, సున్నపు తేట ఊదితే పాలలా మారడం, సీసం లవణంలో పసుపు పచ్చని పొడి బంగారంలా దిగడం, మంటలో ఉప్పు వేస్తే మంట పసుపవడం. పాఠ్యపుస్తకంలో ఉన్న నలభై ప్రయోగాలకీ నలభై "హమ్మో"లు గాజులోకి వెళ్లాయి.

"ఇన్నీ దీని చేతే ఎందుకండీ? బళ్లో ఇంతమంది పిల్లలున్నారు" అంది మాణిక్యాంబ.

"మన చెయ్యి మంచిదే. ఇచ్చినంత మాత్రాన మనకేం తగ్గుతుంది? దీపం నుంచి దీపం వెలిగిస్తే మొదటి దీపం ఆరిపోతుందా?"

కొట్టు కళకళలాడింది. ఆ గాజుకి స్మృతి గాజని పేరు పెట్టి అమ్మితే, తుని నుంచి తణుకు దాకా నాళికల పెట్టెలు వెళ్లాయి. ఆసిడ్ లేదు, మంట లేదు, వాసన లేదు, పిల్లకి గాయం కాదు. వరాహలమ్మగారు స్వయంగా లేబొరేటరీ గదికి పెద్ద తాళం వేయించి, తాళంచెవి బీరువాలో పెట్టారు. కనకలింగం ఏ ఊరి బడికి వెళ్లినా వరండాలో నిలబడి వినేవాడు. తరగతిలో పిల్లలంతా నాళికలు పిడికిట్లో బిగించేవారు. గదినిండా ఒకే నీలం వెలుగు. యాభై గొంతులు ఒక్కసారే, ఒకే ఎత్తున, ఒకే విరుపుతో: "హమ్మో! హమ్మో!" మగపిల్లలూ అంతే, ఆడపిల్లలూ అంతే. కళ్లు మూసుకుని వింటే ఊరూరా తన కూతురే. అతనికి కలలో నడుస్తున్నట్టు ఉండేది.

ఏ పిల్లా తాళం తియ్యమని అడగలేదు. ఎస్తేరు రాణిగారు కొన్నాళ్లు ఎదురుచూసి, తర్వాత ఆ మాట ఎత్తడం మానేశారు.

సువర్చలకి పద్నాలుగో ఏట జ్వరం వచ్చి తగ్గింది. మాణిక్యాంబ దిష్టి తీయడానికి ఇత్తడి పళ్లెంలో పసుపు నీళ్లు కలిపి, కూతురి ముందు పెట్టి, చిటికెడు సున్నం వేసింది. పచ్చటి నీళ్లలో ఎరుపు విచ్చుకుంది. చిన్నప్పుడు ఆ క్షణం కోసమే పిల్ల వంటింట్లో కాచుకుని కూర్చునేది. తల్లి ఆమె మొహంలోకి చూసింది.

"ఏమే, చూశావా?"

"చూశాను. ఎర్రగా అవుతుందిగా" అంది సువర్చల.

"అంతేనా?"

"ఇంకేముందమ్మా?"

మాణిక్యాంబ ఎర్రనీళ్లు వాకిట్లో పోసి వచ్చి, భర్త పక్కన కూర్చుంది. "పిల్ల దిగులుగా లేదండీ. కోపంగానూ లేదు. కిటికీ అద్దం అవతల నుంచి చూస్తున్నట్టు చూస్తోంది. మొన్న ఉప్పాడలో కెరటాలు రోడ్డు దాటి వస్తే ఊరంతా కేకలు పెట్టింది, ఇది మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది."

"పెద్దదవుతోంది. నెమ్మది వచ్చింది."

"నెమ్మది కాదండీ అది."

అతను వినలేదు. అప్పుడు అతని మనసంతా పెద్ద ఆర్డరు మీద ఉంది. పై తరగతులకు కూడా స్మృతి గాజు తెప్పించి, బళ్లలో మిగిలిన లేబొరేటరీలన్నీ మూసేయాలని విద్యాశాఖ ఆలోచన. కొత్త ప్రయోగాలు, కొత్త నాళికలు, పిల్ల చెయ్యి ఒక్కటే పాతది. సువర్చల పదో తరగతిలోకి వచ్చిన ఏడాది, ఒక ఆదివారం పొద్దున్నే షెడ్డులో మళ్లీ కూర్చోబెట్టారు.

ఆ పిల్ల చెప్పినట్టల్లా చేసింది. చేతులు వణకలేదు, ఒక్క చుక్క ఒలకలేదు. వెండి లవణంలో రాగి తీగ దించితే చూస్తుండగానే తీగ చుట్టూ తెల్లటి వెండి నూగు మొలిచింది. సువర్చల దాన్ని చూసి, "అయిపోయిందా మేడంగారూ?" అని అడిగింది.

నాళిక కడిగి నీళ్లు పట్టి కనకలింగం బిగించాడు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఇంకోటి తీశారు. ఇంకోటి. ఏదీ పలకలేదు.

"ఇసక మారిందా అండీ?"

"మారలేదు" అన్నారు ఎస్తేరు రాణిగారు.

కనకలింగానికి చిరాకు వచ్చింది. సరుకులో లోపమా, చేతిలో లోపమా తేల్చుకోవడం అతని అలవాటు. అలమరలోంచి మొట్టమొదటి నాళిక తీశాడు. నీళ్లు పట్టి కూతురి చేతికిచ్చాడు.

"ఇది బిగించు బుజ్జీ. ఇది నీదే."

సువర్చల పిడికిలి బిగించింది. నీలం లేచి ఆమె గడ్డం మీద పడింది. చాలాసేపు కళ్లు మూసుకుంది. తెరిచినప్పుడు మొహంలో చిన్న జాలి కనిపించింది.

"ఎవరో చిన్నపిల్ల నాన్నా. ఎంత సంతోషపడిపోతోందో పాపం. ఎవరా పిల్ల?"

ఇచ్చినా తగ్గని సరుకు ప్రపంచంలో ఉందని నమ్మిన వ్యాపారి కనకలింగం. ఇన్నేళ్లూ ఊరూరా విని మురిసిపోయిన గొంతు ఇంట్లో ఎప్పుడు ఆగిపోయిందో అతను గమనించలేదు.

కూతురు ఇంటికి వెళ్లాక ఆ నాళికను నేలకేసి కొట్టాడు. గాజు పగిలింది. నీళ్లు సిమెంటు మీద పారి ఇంకిపోయాయి, అంతే.

"అలా రాదండీ" అన్నారు ఎస్తేరు రాణిగారు.

"మరి ఎలా వస్తుంది? మీరు చదువుకున్నవారు, చెప్పండి. ఏం ఇమ్మన్నా ఇస్తాను."

"పోయినవి రావు. నాకు తెలిసి దారి లేదు." ఆవిడ వంగి గాజు పెంకులు ఏరడం మొదలుపెట్టారు. "కానీ ఈ గాజు పట్టేది ఒక్క ఊపిరి సేపట్లో జరిగేదాన్నే. నెమ్మదిగా జరిగేదాన్ని పట్టలేదు. అందుకే ఒకటి మనం చేయించలేదు. దాన్ని రసాయన తోట అంటారు."

"ఇప్పుడే చేయిద్దాం. పిల్లని పిలుస్తాను."

"ఇక్కడొద్దు. ఇక్కడ కూర్చుంటే మనం చెప్పింది చేసి లేచిపోతుంది. బళ్లో, తోటిపిల్లల మధ్య, వాళ్ల చేతులకి వాళ్లని వదిలేసి చేయించాలి. పాడు చేసుకోనివ్వాలి."

మర్నాడు కనకలింగం వరాహలమ్మగారి గదిలో కూర్చున్నాడు.

"లేబొరేటరీ తాళం తీయించాలండీ."

ఆవిడ కళ్లజోడు పైనుంచి చూశారు. "మీరే కదండీ వేయించింది? ఈ గదిలోనే, ఆ కుర్చీలోనే కూర్చుని, ఇక ఆ గదితో మీకు పనిలేదండీ అని చెప్పారు. మీరు తెచ్చిన స్వీటు కూడా తిన్నాం."

"ఆయ్, చెప్పానండి. ఇప్పుడు పని పడింది."

"బియ్యం బస్తాలెక్కడ పెట్టను?"

"నా కొట్టు అటక ఖాళీ చేయిస్తాను."

"ఏదైనా ఒలికితే?"

"ఒలుకుతుందండీ. తుడుచుకుందాం. కళ్లకి అద్దాలు, చేతులకి గ్లవ్స్ నేను తెస్తాను. రాణి మేడంగారు పక్కనే ఉంటారు."

"పైవాళ్ల పెద్ద ఆర్డరు మాటేమిటి? గదులు మూసేయమని కాగితం వస్తుందన్నారే."

"రాదండీ. మా నాళికలు పలకడం లేదని రాసి ఇచ్చేశాను."

వరాహలమ్మగారు బీరువా తీశారు. "మీ వ్యాపారం నాకెప్పుడూ అర్థం కాలేదు కనకలింగంగారూ. ఇవాళ బొత్తిగా అర్థం కావడం లేదు."

"నాకూ అంతేనండి" అన్నాడతను.

లేబొరేటరీ గదిలో తవుడు వాసన. కిటికీలు తీస్తే సముద్రపు గాలి లోపలికి వచ్చి బల్లల మీది ధూళిని మెల్లగా లేపింది. వెలుతురులో ఆ ధూళి తేలుతుంటే గది నీళ్ల అడుగున ఉన్నట్టుంది. పదో తరగతి ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా నిలబడ్డారు. సువర్చలకి జోడు నూర్జహాన్, క్లాసులో అందరికన్నా వాగుడుకాయ. ప్రతి జంటకీ ఒక వెడల్పాటి గాజు సీసా. దాంట్లో సోడియం సిలికేట్ కలిపిన నీళ్లు, చూడ్డానికి పల్చటి పాకంలా. పక్కన కాగితం మీద మైలుతుత్తం పలుకులు, అన్నభేది అనే ఇనుప లవణం పలుకులు, కోబాల్టు లవణం.

"పలుకులు వెయ్యండి. వేశాక చూడండి. ఇంతకన్నా నేనేం చెప్పను" అన్నారు ఎస్తేరు రాణిగారు.

వేశారు. వెయ్యగానే, అలవాటుగా, గదంతా ఒక్కసారి "హమ్మో! హమ్మో!" అంది. కనకలింగం తల తిప్పుకున్నాడు. సీసాల్లో ఇంకా ఏమీ జరగలేదు. పలుకులు అడుగున రాళ్లలా పడి ఉన్నాయి. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏమీ జరగకుండా ఉండటం వాళ్లకి కొత్త.

"పాడైపోయిన సరుకేమో అంకుల్" అంది నూర్జహాన్. "మార్చి ఇస్తారా?"

"ఆగమ్మా."

ఆగారు. అప్పుడు మైలుతుత్తం పలుకు మీద, గోరు మొలిచినట్టు, నీలపు మొన ఒకటి లేచింది. అన్నభేది నుంచి పచ్చటి దారం. కోబాల్టు నుంచి వంకాయ రంగు కొమ్మ. నీళ్లలో గాలి లేదు, అయినా అవి గాలికి ఊగేవాటిలా పైకి పాకుతున్నాయి. ఒక పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఇంకో పిల్ల కిసుక్కున నవ్వింది. "యా అల్లా, ఇది పెరుగుతోందే!" అంది నూర్జహాన్ గుసగుసగా.

సువర్చల మొహం మారలేదు. ఆ పిల్లకి ప్రయోగమంటే వెంటనే అయిపోయేది. గాజు కడ్డీ తీసుకుని, త్వరగా కానిద్దామని సీసాలో ఒక్కసారి తిప్పింది.

తోట మొత్తం విరిగి, బురదై, అడుక్కి దిగింది.

"ఒసేయ్! నాశనం చేశావు కదే!" నూర్జహాన్ ఆమె భుజం మీద ఒక్కటిచ్చింది. "బంగారంలాంటి తోట! నీకేం తొందరే, రైలుందా?"

సువర్చల సీసాలోకి చూస్తూ నిలబడిపోయింది. గాజులో ఏదీ ఎన్నడూ పాడవలేదు. తన చెయ్యి ఒకదాన్ని పాడుచెయ్యగలదని ఆమెకి ఎవరూ చూపలేదు.

"అయ్యో" అంది.

కనకలింగం ఒక అడుగు ముందుకు వేశాడు. ఎస్తేరు రాణిగారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

"అయ్యో, నేనే" అంది సువర్చల మళ్లీ. కళ్లద్దాల కింద నుంచి నీళ్లు కారాయి. ముక్కు తుడుచుకుంది. ఎవరూ చెప్పకుండానే సీసా ఎత్తుకుని కుళాయి దగ్గరికి నడిచింది. కడిగింది. కొత్త నీళ్లు కలిపింది, ఈసారి కొంచెం పల్చగా. పలుకులు ఒక్కొక్కటే ఎడంగా వేసింది. గాజు కడ్డీని నూర్జహాన్ తన వీపు వెనక దాచుకుంది. ఇద్దరూ బల్ల మీద గడ్డాలు ఆనించి కూర్చున్నారు.

కిటికీ ఎండ బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి జరిగింది. బెల్లు మోగితే ఎవరూ లేవలేదు. సీసాలో ఒక నీలపు కాడ లేచి, సగం దూరం నిటారుగా వచ్చి, అక్కడ ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు కిటికీ వైపు వంగి మళ్లీ పెరగడం మొదలుపెట్టింది.

"నాన్నా! నాన్నా, ఇటు రా!"

అతను పరుగెత్తినంత పని చేశాడు.

"ఇదెందుకు వంగింది?"

"నాకేం తెలుసమ్మా?"

"మేడంగారూ, ఎందుకు వంగింది?"

ఎస్తేరు రాణిగారు వంగి చాలాసేపు చూశారు. "నాకూ తెలీదమ్మా."

"వెలుతురు కోసమా? దీనికి వెలుతురుతో పనేముంది, ఇది మొక్క కాదుగా? పోనీ గాలి బుడగ ఉందా లోపల?" సువర్చల గొంతు పెరుగుతోంది. "నూరూ, ఇంకో సీసా పట్రా. దీన్ని ఇలాగే ఉంచి, రెండోదాన్ని చీకటి మూల పెడదాం. అదీ వంగితే వెలుతురు కాదన్నమాట."

"అన్నం బెల్లు అయిందే తల్లీ!"

"నువ్వు తిను పో. నేను చూస్తాను."

నూర్జహాన్ వెళ్లలేదు. తిట్టుకుంటూ సీసా తెచ్చింది.

కనకలింగం గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లెక్క చూసుకోకుండా ఉండలేని మనిషి. పోయినవి: నలభై ఆశ్చర్యాలు, అవి ఊరూరా గాజులో ఉన్నాయి, తిరిగి రావు, పెద్ద ఆర్డరు, హెడ్మిస్ట్రెస్ దగ్గర ఉన్న కాస్త మర్యాద. వచ్చినవి: కూతురి చున్నీ కొంగున అంటిన నీలపు మరక, కూతురి నోట ఒక "అయ్యో", చీకటి మూలకి సీసా మోసుకుపోతూ దారికి అడ్డమున్న తండ్రిని "జరుగు నాన్నా" అని కసిరిన కసురు ఒకటి, గదిలో ఎవరి దగ్గరా జవాబు లేని "ఎందుకు" ఒకటి.

అతను జరిగాడు.